ఎనిమిది గంటల ఆరు నిమిషాలు

వెళ్ళేటప్పుడు గాలి లాక్కున్నది వచ్చేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుందని ఆంకరేజ్‌లో విమానాల మీద బతికేవాళ్ళు చాలామంది అంటారు. ఎదురుగాలిలో పోయిన నిమిషాలు తోడుగాలిలో కలిసివస్తాయి కనుక, రెండు విమానాశ్రయాల మధ్య దూరం తెలిస్తే రానూపోనూ పట్టే కాలం తెలిసినట్లేనని వాళ్ళ ఉద్దేశం. పైలట్లు అంటారు, సరుకు ఎక్కించేవాళ్ళు అంటారు, ఒకటి రెండుసార్లు ప్రయాణం చేసినవాళ్ళు మరింత ధీమాగా అంటారు. వినడానికి న్యాయంగా ఉండే మాట కాబట్టి ఎవరూ దాన్ని లెక్క వేసి చూడరు. న్యాయంగా వినిపించినదల్లా నిజమై ఉంటుందనుకోవడం మనుషుల పాత అలవాటు.

అన్ఫీసా కూద్రిన్ లెక్క వేసి చూసింది. చూసినందుకు మూడు చలికాలాలూ, అప్పటిదాకా సంపాదించుకున్న మంచి పేరూ పోగొట్టుకుంది.

ఆమెది అల్యూషియన్ దీవుల్లోని అట్కా. పద్దెనిమిదో ఏట ఆంకరేజ్ వచ్చి, పగలు ఒక హోటల్లో దుప్పట్లు ఉతుకుతూ, సాయంత్రం బడిలో చదివి డిస్పాచర్ పరీక్ష గట్టెక్కింది. విమానం నేలమీద ఉండగానే దాన్ని ఒకసారి కాగితం మీద నడిపించి చూడడం డిస్పాచర్ పని. ఏ ఎత్తున వెళ్ళాలి, ఎంత ఇంధనం పోయాలి, ఎంతసేపు పడుతుంది అన్నవి ఆ మనిషే రాయాలి. ఆ కాగితం మీద డిస్పాచర్ సంతకం ఒకటి, కెప్టెన్ సంతకం ఒకటి ఉండాలి. రెంటిలో ఏది లేకపోయినా చక్రం కదలదు. ఇప్పుడు అరవై ఒకటో ఏట కూడా ఫీసా (ఆమెను అందరూ పిలిచేది అలాగే) కంప్యూటర్ చెప్పిన ప్రతి అంకెనూ పెన్సిలుతో మరోసారి వేసి చూసుకునేది. అలా వేస్తున్నంతసేపూ ఎండబెట్టిన సాల్మన్ ముక్క ఒకటి బుగ్గన ఉండేది. ఆమె పని బాగుంటుందని అందరికీ తెలుసు. ఆమె మాట మెత్తగా ఉంటుందని ఎవరూ అనలేదు.

ఆంకరేజ్ నుంచి పడమటి దిక్కున, అదే దీవుల్లో ఉన్న అడాక్‌కు విమానాలవాళ్ళ మైళ్ళలో వెయ్యీ నలభై. దారి పొడవునా సముద్రమే ఎక్కువ. ఆమె పనిచేసే కంపెనీ సరుకు విమానాలు గంటకు రెండువందల డెబ్భై మైళ్ళు వెళతాయి. గాలి లేని రోజున పోవడానికి మూడు గంటల యాభై ఒక్క నిమిషాలు, రావడానికి కూడా అంతే. మొత్తం ఏడు గంటల నలభై రెండు. అయితే ఆ దారిలో గాలి లేని రోజు ఉండదు. పడమటి నుంచి గంటకు అరవై మైళ్ళ గాలి వీచే రోజున పోవడానికి నాలుగు గంటల యాభై ఏడు నిమిషాలు, రావడానికి మూడు గంటల తొమ్మిది. కలిపితే ఎనిమిది గంటల ఆరు నిమిషాలు. గాలి తీసుకున్నది అరవై ఆరు నిమిషాలు, తిరిగి ఇచ్చింది నలభై రెండు. ఇందులో మాయ ఏమీ లేదు. విమానం ఎదురుగాలిలో దాదాపు ఐదు గంటలు ఉంటుంది, తోడుగాలిలో మూడు గంటలే ఉంటుంది. మనల్ని వెనక్కు నెట్టేదాని చేతిలో మనం ఎక్కువ కాలం గడుపుతాం, ముందుకు తోసేదాని చేతిలో తక్కువ కాలం. గాలి ఎంతైనా సరే, వీచిందంటే మొత్తం పెరిగి తీరుతుంది.

ఒక జంట పైలట్లు ఒక రోజులో ఎనిమిది గంటలకు మించి నడపకూడదు. అందువల్ల ఏడు నలభై రెండు అని రాస్తే ఒక జంట చాలు, ఎనిమిది సున్నా ఆరు అని రాస్తే మరో జంట కావాలి.

పద్దెనిమిదేళ్ళ కిందట, ఏ దారికి ఎన్ని జంటలు కావాలో తేల్చే ప్రయాణ కాలాల పుస్తకం తయారుచేసే బాధ్యత డ్వైట్ ఎల్‌స్ట్రమ్‌ది. అతను మంచి పైలట్. కొన్నాళ్ళు నడపడం మాని ఆఫీసు కుర్చీలో కూర్చున్నాడు. అడాక్‌కు రెండో జంటను పెట్టడం పైవాళ్ళకు ఇష్టం లేదని అతనికి తెలుసు. ఫీసా ఐదు చలికాలాల గాలి వివరాలు తీసి, రోజురోజుకూ చేత్తో లెక్కకట్టి, ఒక కాగితం అతనికిచ్చింది. సగానికి పైగా రోజులు ఎనిమిది గంటలు దాటాయి. అతను దాన్ని పదిమంది కూర్చున్న గదిలో పైకెత్తి చూపించాడు.

"ఫీసా, పోయేటప్పుడు తీసుకుంటుంది, వచ్చేటప్పుడు ఇస్తుంది. కలిపి సగం చేస్తే సున్నా. నాలుగో తరగతి లెక్కమ్మా ఇది!"

"అక్కడే ఆగిపోయారు సార్ మీరు," అంది ఫీసా. "భాగహారం ఐదులో చెప్తారు."

గది గొల్లుమంది. ఎల్‌స్ట్రమ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వులపాలైన అధికారి అందరికంటే గట్టిగా నవ్వినప్పుడు జాగ్రత్తపడాలని ఆమెకు అప్పటికి తెలియదు.

పుస్తకంలో ఏడు నలభై రెండు అని అచ్చయింది. ఆ ఫిబ్రవరిలోనే అడాక్ వెళ్ళి తిరిగి వస్తున్న విమానం ఒకటి, తొమ్మిదో గంటలో కళ్ళు మూతలు పడుతున్న పైలట్ల చేతుల్లో, ఆంకరేజ్ రన్‌వే దాటి మంచులోకి దూసుకుపోయింది. ఎవరూ చనిపోలేదు. రెక్కకున్న పంకా ఒకటి విరిగింది, ఒక చక్రం ఊడింది. కంపెనీ విచారణ జరిపింది. ఆ విమానం కాగితం రాసిన ఫీసా గాలిని తక్కువ అంచనా వేసి ఇచ్చిందనీ, చలికాలపు కాలాల గురించి తనకు ఏ కాగితమూ అందలేదనీ ఎల్‌స్ట్రమ్ చెప్పాడు. ఫైలు తెరిచారు. కాగితం లేదు. ఫీసా దగ్గర నకలు లేదు. ఆనాడు గదిలో దాన్ని చూసిన పదిమందీ తమకు గుర్తులేదన్నారు. ఫైలులో పెట్టిన కాగితం ఫైలులోనే ఉంటుందని నమ్మే రోజులవి.

ఆమెను డెస్క్ నుంచి తీసి సరుకు షెడ్డులో వేశారు. మూడు చలికాలాలు ఆమె అక్కడ పెట్టెలు తూచి, వాటికి చీటీలు అంటించింది. చలి ఆమెకు కొత్తకాదు, మోత కొత్తకాదు. ఆమె ఓర్చుకోలేకపోయింది ఒక మాటను. గాలి అంచనా తప్పి విమానం ఆలస్యమైతే పైలట్లు దాన్ని "ఫీసా గాలి" అనడం మొదలుపెట్టారు. "ఏం ఆలస్యమయ్యావ్?" "ఏముంది, ఫీసా గాలి." కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఆ పేరు ఒక మనిషిదని తెలియకుండా, ఆమె తూచిన పెట్టె పక్కనే నిలబడి ఆ మాట అనేవారు. చేసిన తప్పుకు నిందపడితే మనిషికి పశ్చాత్తాపమనే పని ఒకటి దొరుకుతుంది. చేయని తప్పుకు నిందపడినవాళ్ళకు ఆ పని కూడా ఉండదు. మిగిలిన కాలమంతా తనను నిందించిన మనిషి గురించి ఆలోచించడానికే ఖాళీగా ఉంటుంది.

మూడేళ్ళ తర్వాత డిస్పాచర్లు చాలక ఆమెను మళ్ళీ డెస్క్ మీద కూర్చోబెట్టారు. అప్పటికి కంపెనీ చడీచప్పుడు లేకుండా నియమం మార్చేసింది. ఇక మీదట పుస్తకంలో అచ్చయిన కాలం పనికిరాదు. ఆ రోజు గాలిని బట్టి డిస్పాచర్ రాసిన కాలమే చెల్లుతుంది. చలికాలంలో అడాక్‌లో ఒక మారు జంట పైలట్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అంటే ఆమె లెక్కను ఒప్పుకున్నారు. ఆమె పేరు మాత్రం ఎత్తలేదు. ఎల్‌స్ట్రమ్ కూడా ఆఫీసు విసుగెత్తి మళ్ళీ నడపడానికి వెళ్ళిపోయాడు. ఆ తరువాత పదిహేనేళ్ళలో ఆ ఇద్దరూ వందల కాగితాల మీద పక్కపక్కన సంతకాలు పెట్టారు. జరిగినదాన్ని గురించి ఒక్క మాట అనుకోలేదు.

డిస్పాచర్లకు ఒక అలవాటు ఉంది. దాన్ని వాళ్ళు నిమిషాలు వెతకడం అంటారు. మొదటి లెక్క నియమం దాటితే, ఇంకో ఎత్తు, ఇంకో దారి, కాస్త తక్కువ బరువు ప్రయత్నించి చూస్తారు. అలా చూడాలని ఎక్కడా రాసి లేదు. కెప్టెన్ల మీద అభిమానం కొద్దీ చూస్తారు. ఫీసా అందరికంటే బాగా వెతికేది. కూతురి పెళ్ళికి అందుకోవలసిన కెప్టెన్ కోసం ఒకసారి పదకొండు నిమిషాలు వెతికి ఇచ్చింది. ఎల్‌స్ట్రమ్‌కు మాత్రం ఎన్నడూ వెతకలేదు. అతనికి ఆమె ఇచ్చిన కాగితాల్లో తప్పు ఉండేది కాదు, దయ ఉండేది కాదు. ఆమె పగ ఆ పదిహేనేళ్ళూ అంత పొదుపుగా, అంత శుభ్రంగా నడిచింది.

పగ తీర్చుకోదలచినవాడు కూడా లోపల ఆ గాలి మాటనే నమ్ముతాడు: తన దగ్గర పోయినది ఎదుటివాడి దగ్గర తీసుకుంటే సమం అవుతుందని. ఆ మాట తప్పని లెక్కకట్టి నిరూపించిన మనిషి ఫీసా. తనకు తెలిసిన ఆ తప్పునే ఆమె కోరుకుంది. తెలివి కోరికను చంపుతుందని చెప్పేవాళ్ళు ఆమెను చూసి ఉండరు.

ఆమె అరవై ఒకటో ఏట, మార్చి నెలలో ఒక గురువారం ఉదయం ఐదింటికి ఆమె డెస్క్ దగ్గరకు వచ్చేసరికి ఆనాటి అడాక్ విమానం కాగితం మీద ఎల్‌స్ట్రమ్ పేరు ఉంది. పక్క డెస్క్‌లో డెల్ఫిన్ అబూయన్ అప్పటికే అన్నం, గుడ్డు డబ్బా మూత తీశాడు. యాభై దాటిన ఫిలిప్పీన్స్ మనిషి. ఆమెను అక్కా అంటాడు.

"చూశావా అక్కా? ఇవాళ మహారాజుగారి ఆఖరి సవారీ."

"చూశాను."

"రేపటికి అరవై ఐదు నిండుతాయట. సాయంత్రం తిరిగొచ్చేసరికి హ్యాంగర్లో పండగే. కేకు తెచ్చిపెట్టారు. దాని మీద విమానం బొమ్మ. రెక్కలు వంకర."

"తినేవాళ్ళకి రెక్కలతో పనేంటి?"

"ఫైరింజన్లు కూడా వస్తాయట. నీళ్ళ తోరణం."

ఫీసా ఆనాటి గాలి అంకెలు తీసింది. మామూలు ఎత్తున పడమటి గాలి, అరవై. పోవడానికి నాలుగు యాభై ఏడు, రావడానికి మూడు సున్నా తొమ్మిది. మొత్తం ఎనిమిది గంటల ఆరు నిమిషాలు.

ఆమె పెన్సిలు కింద పెట్టింది. పద్దెనిమిదేళ్ళ కిందటి కాగితంలో ఎన్నో రోజులకు వచ్చిన అంకెలివి. ఎల్‌స్ట్రమ్ విమానాన్ని అడాక్ తీసుకువెళ్ళవచ్చు. తిరిగి తీసుకురాకూడదు. అక్కడున్న మారు జంట తెస్తారు, అతను వెనక కూర్చుని వస్తాడు. రేపటి నుంచి చట్టం అతన్ని నడపనివ్వదు కాబట్టి మరో రోజుకు వాయిదా వేయడానికి కూడా లేదు.

అక్కడితో ఆగి ఉండవచ్చు. కాని ఆమె చేతికి అలవాటైన పని అది. ఎల్‌స్ట్రమ్ విషయంలో మొదటిసారిగా ఆమె నిమిషాలు వెతికింది. వెళ్ళేటప్పుడు బాగా కిందగా వెళ్ళాలి. అక్కడ గాలి నలభై. అంత కింద విమానం వేగం కూడా రెండువందల యాభై ఐదుకు తగ్గుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది, అందుకని కొంత సరుకు దించాలి. అయినా నాలుగు గంటల యాభై నిమిషాలలో అడాక్. వచ్చేటప్పుడు మామూలు ఎత్తున మూడు సున్నా తొమ్మిది. మొత్తం ఏడు గంటల యాభై తొమ్మిది. ఒక్క నిమిషం తేడాతో నియమం నిలబడింది. ఆమె ఆ కాగితం అచ్చుతీసి, వేసిన ప్రతి లెక్క మీదా రాయవలసినట్లే దాని మీద వేసిన వేళ 'ఉదయం ఆరూ పది' అని రాసి, పేరు పొడి అక్షరాలు వేసి, మడిచి కీబోర్డు కింద పెట్టింది. డెల్ఫిన్ చూశాడు. చూసి గుడ్డు తిన్నాడు.

తాను ఎందుకు వెతికిందో ఆమె తరువాత కూడా తేల్చి చెప్పలేకపోయింది. ఇవ్వడానికే వెతికిందని అనుకుంటే ఆమెను పొగిడినట్లవుతుంది. చేతిలో ఉండి ఇవ్వకపోవడంలోనే రుచి ఉంటుంది గనుక వెతికిందనడం సత్యానికి మరికాస్త దగ్గర.

ఏడింటికి ఎల్‌స్ట్రమ్ వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో డోనట్ల పెట్టె, వెనక కో-పైలట్. పెట్టె బల్లమీద పెట్టి కాగితం తీసుకున్నాడు. చదువుతుండగా అతని నవ్వు పెదవుల మీదే మిగిలి, కళ్ళలోంచి దిగిపోయింది.

"ఎనిమిది సున్నా ఆరా?"

"ఔను కెప్టెన్."

"అంటే రావడం నాది కాదు."

"అడాక్‌లో మారు జంట ఉన్నారు, వాళ్ళు తెస్తారు. మీరు వెనక కూర్చోవచ్చు. కిటికీ ఉంది."

"ఫీసా, ఆరంటే ఆరు నిమిషాలు."

"నాకూ లెక్కలొచ్చు."

"ఇవాళ తప్ప నాకు ఇంకో రోజు లేదు. మా ఆవిడ జోన్ వస్తోంది. మా అమ్మాయి స్పోకేన్ నుంచి పిల్లల్ని తీసుకొచ్చింది. ఐదున్నరకి నీళ్ళ తోరణం పడతామన్నారు. దాని కిందనుంచి ఇంకెవడో నడుపుకుంటూ వస్తే, నేను వెనకాల సామానులా కూర్చుని ఉండాలా?"

"సామాను దగ్గర కిటికీ ఉండదు లెండి."

డెల్ఫిన్ దగ్గాడు. ఎల్‌స్ట్రమ్ బల్ల మీదకు వంగి గొంతు తగ్గించాడు.

"కిందగా చూశావా?"

"చూడాలని ఎక్కడ రాసుంది?"

"మిగతావాళ్ళకి చూస్తావుగా!"

"మిగతావాళ్ళు నా కాగితం మాయం చెయ్యలేదు."

కో-పైలట్ వాతావరణం చదవడం మానేశాడు. పద్దెనిమిదేళ్ళుగా ఇద్దరి మధ్యా ఉన్న మాట మొదటిసారి గదిలోకి వచ్చింది. కెప్టెన్ ఏ ఎత్తు అడిగినా, కాలం రాసే అధికారం డిస్పాచర్‌ది. అది అతనికి తెలుసు, ఆమెకు తెలుసు. ఎల్‌స్ట్రమ్ ఒకసారి డెల్ఫిన్ వైపు చూశాడు. డెల్ఫిన్ ఖాళీ డబ్బాలోకి చూశాడు.

"ఏం కావాలి నీకు?" అన్నాడు ఎల్‌స్ట్రమ్.

"నా కాగితం ఏమైందో చెప్పండి."

"వీళ్ళందరి ముందా?"

"నాకు అందలేదని అప్పుడు అందరి ముందే చెప్పారుగా."

అతను గడియారం చూసుకున్నాడు. ఏడుంబావు. "సరే," అన్నాడు. "నేనే తీశాను. విచారణకి ముందురోజు. ఫైల్లోంచి తీసి కోటు జేబులో పెట్టుకున్నాను. ఇంటికెళ్ళి పొయ్యిలో వేశాను. నీ లెక్క కరెక్టే. నువ్వు చూపించిన రోజే తెలుసు నాకది కరెక్టని. పదిమందిలో నన్ను నవ్వులపాలు చేశావు, అది తట్టుకోలేకపోయాను. చాలా?"

డెల్ఫిన్ ఖాళీ డబ్బాకు మూత పెట్టాడు.

"ఇదిగో, చెప్పేశాను కదా," అన్నాడు ఎల్‌స్ట్రమ్. "ఇప్పుడైనా ఆ కిందదారి చూడు."

ఈ మాటలు వినే రోజును ఫీసా షెడ్డులో పెట్టెలు తూస్తూ వెయ్యిసార్లు ఊహించుకుంది. ఊహలో అతని గొంతు వణికేది, తాను తలతిప్పుకునేది. ఇక్కడ ఎవరి గొంతూ వణకలేదు. ఆమె ఎదురుచూసిన ప్రతి మాటా అతను చెప్పాడు. ఒక్కటి కూడా దాచలేదు. కాని వాటిని బజారులో ధర చెప్పినట్లు చెప్పాడు, చెప్పి చెయ్యి చాపాడు. ఆ 'కదా' లేకపోతే ఆమె కీబోర్డు కింద చెయ్యి పెట్టేదేమో. పెట్టేదని ఖాయంగా చెప్పడానికి నాకు ఆధారం లేదు. అంతకాలం మోసిన బరువును ఒక్క మాట మోగిన తీరు మీద దించేయడం, దించకపోవడం రెండూ మనుషులు చేసేవే.

"ఆరు నిమిషాలు తగ్గడానికి ఇంత చెప్పారు," అంది ఆమె. "ఇరవై తగ్గాల్సి ఉంటే ఇంకేం చెప్పేవారో!"

"ఫీసా..."

"సంతకం పెట్టండి కెప్టెన్. ఎనిమిదిన్నరకి బయల్దేరాలి."

"పెట్టకపోతే?"

"ఇంకో కెప్టెన్‌ని పిలుస్తాను. అప్పుడు పోవడం కూడా మీది కాదు."

ఎల్‌స్ట్రమ్ కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు. అతనేమీ పిచ్చివాడు కాదు. కీబోర్డు అంచున కనబడుతున్న తెల్లని మడతను అప్పటికే చూసి ఉంటాడని డెల్ఫిన్ తరువాత అనేవాడు. చూసినా అడగలేదు. ఎంత అడగవచ్చో తెలిసిన మనిషిగా, కలం తీసుకుని సంతకం పెట్టి, డోనట్ల పెట్టె అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకున్నాక డెల్ఫిన్ అన్నాడు: "నేనైతే ఇచ్చేసేవాణ్ణి అక్కా."

"ఇస్తావు. నిన్నెవరూ 'డెల్ఫిన్ గాలి' అనలేదు కదా."

"అన్నా బాగుండును. ఈ ఊళ్ళో నా పేరు మా ఆవిడకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు." అతను ఒక డోనట్ తీసుకున్నాడు. కొరకకుండా కాసేపు పట్టుకుని కూర్చున్నాడు. "అంతా చెప్పాడు కదా అక్కా పాపం, ఏదీ దాచలేదు."

"లేదు. దాచలేదు."

"మరి?"

"మరి ఏముంది? ఆయన చెప్పాలి, చెప్పాడు. నేనివ్వాలని లేదు, ఇవ్వలేదు."

"సరేగానీ, ఆ రెండోది చింపెయ్యి. రేపు శుక్రవారం, మేనేజరు లైల్ ఫైళ్ళు తిరగేస్తాడు. పట్టుకుంటే ఊరుకోడు."

"చింపడాలూ కాల్చడాలూ ఆయన పని," అంది ఫీసా. ఆ మడత విప్పి, అరచేత్తో చదును చేసి, వేసిన ప్రతి లెక్కా చేరవలసిన ఆనాటి ఫైలులో, సంతకాలున్న కాగితం వెనకనే పెట్టింది.

ఆమె పని మధ్యాహ్నం రెండింటికి అయిపోయింది. ఇంటికి వెళ్ళలేదు. ఐదున్నరకు సరుకు షెడ్డు తలుపు దగ్గర నిలబడి చూసింది. ఫైరింజన్లు అటొకటి ఇటొకటి నిలిచి నీళ్ళు ఎగజిమ్మాయి. విమానం ఆ తోరణం కిందనుంచి నెమ్మదిగా వచ్చింది. ముందు అద్దాల వెనక ఇద్దరు మారు పైలట్లు. మనుమలు కాగితం జెండాలు ఊపారు. ఎల్‌స్ట్రమ్ వెనక నిచ్చెన మీదనుంచి, తోడుగా వచ్చిన మెకానిక్ తర్వాత, చివరిగా దిగాడు. అతని భార్య ముందు నిచ్చెన దగ్గర పూలగుత్తితో ఎదురుచూస్తోంది. అతను దిగింది వేరే చోటని తెలియగానే చుట్టూ తిరిగి వచ్చింది.

"ఇటునుంచి దిగుతున్నావేంటి డ్వైట్?"

"వచ్చేటప్పుడు వాళ్ళు నడిపారు."

"అదేంటి! ఎందుకు?"

"గాలి," అన్నాడు ఎల్‌స్ట్రమ్.

నీళ్ళు పడుతున్నంతసేపూ ఫీసాకు హాయిగా ఉంది. ఇది దాచిపెట్టి ఆమెను మంచిదాన్ని చేయడం తగదు. నీళ్ళు ఆగాక ఆమె షెడ్డులోకి ఒకసారి చూసి, తాను నిలబడిన తూకం బల్ల దగ్గర ఇప్పుడెవరో నిలబడి ఉండడం గమనించి, బస్సు కోసం నడిచింది. ఆ మూడు చలికాలాలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. కో-పైలట్ ఆ వారంలోనే ఉదయం జరిగినదంతా పదిమందికీ చెప్పాడు. పాతవాళ్ళు కొందరు ఆమె డెస్క్ దగ్గరకు వచ్చి ఏదో అనబోయి, కాఫీ గురించి మాట్లాడి వెళ్ళారు. కుర్రవాళ్ళ నోట్లో 'ఫీసా గాలి' అనే మాట మాత్రం పోలేదు. వాళ్ళకు కథ తెలియదు.

విమానం వచ్చిన మర్నాడు, శుక్రవారం, డిస్పాచర్ల మేనేజరు లైల్ ప్రూయిట్ ఫైలు పట్టుకుని ఆమెను తన గదిలోకి పిలిచాడు. ఎవరితోనూ గొడవ పడడం ఇష్టంలేని మనిషి.

"ఇది నీ చేతిరాతేనా ఫీసా?"

"నాదే."

"ఆరూ పదికి ఏడు యాభై తొమ్మిది దొరికింది నీకు. ఏడింటికి ఎనిమిది సున్నా ఆరు మీద సంతకం పెట్టించావు."

"ఔను."

"కింద రెక్కలకి మంచు పడుతుందని భయపడ్డావు. అంతేగా? ఆ ఒక్క ముక్క రాసెయ్యి, నాకు చాలు."

"నిన్న కింద మంచు లేదు."

"పోనీ, పనిలో పడి మర్చిపోయానని రాయి. అందరం మర్చిపోతాం."

"మర్చిపోలేదు లైల్."

"మరేం రాస్తావమ్మా? ఏదో ఒకటి రాయాలిగా! దొరికిన దారి కెప్టెన్‌కి చెప్పకపోతే ఏమవుతుందో నీకు తెలుసు. రిటైరవడానికి ఏడాది కూడా లేదు నీకు."

"తెలుసు. కాగితం ఇటివ్వు."

కారణం రాయవలసిన చోట ఆమె రెండు వాక్యాలు రాసింది: ఏడు గంటల యాభై తొమ్మిది నిమిషాల దారి నాకు ముందే తెలుసు. కెప్టెన్ ఎల్‌స్ట్రమ్‌కు ఇవ్వడం ఇష్టం లేక ఇవ్వలేదు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, లైల్ చేతికిచ్చింది.

కంపెనీ ఆమెను నెల రోజులు పని నుంచి తప్పించింది. ఎల్‌స్ట్రమ్‌కు క్షమాపణ ఉత్తరం రాస్తే అందులో సగం రోజులు తగ్గిస్తామని చెప్పింది. ఆమె రాయలేదు. నెల రోజులూ ఇంట్లో కూర్చుని, ముప్పై ఒకటో రోజు ఉదయం ఐదింటికి పనిలో చేరింది.